మోగని రాత్రుల లెక్క: సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఆన్‌కాల్ విధి, వేతన న్యాయం

పనివేళలు ముగిశాక సర్వర్లలో లోపం తలెత్తితే వెంటనే సరిచేయడానికి ఒక ఉద్యోగి వంతుల వారీగా సిద్ధంగా ఉండడాన్ని సాఫ్ట్‌వేర్ సంస్థల్లో 'ఆన్‌కాల్' అంటారు. వంతు వచ్చిన వారంలో ఆ ఉద్యోగి పెళ్లికి వెళ్లినా ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకునే వెళ్తాడు, సిగ్నల్ అందని ఊరికి ప్రయాణం మానుకుంటాడు, ఫోను దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటాడు. అర్ధరాత్రి అలర్ట్ మోగి, డిస్క్ నిండిపోయిన సర్వర్‌ను సరిచేసిన అరగంటకు కాంప్ ఆఫ్ (బదులు సెలవు) రూపంలోనైనా ఏదో కొంత దక్కవచ్చు; అలర్ట్ మోగని మిగతా రాత్రులు మాత్రం చాలాచోట్ల ఏ లెక్కలోకీ రావు. అన్యాయం ప్రధానంగా ఆ మోగని రాత్రుల్లోనే ఉంది.

ఈ చిక్కు కంప్యూటర్ల కన్నా పాతది. టెక్సాస్‌లోని స్విఫ్ట్ మాంసం ప్యాకింగ్ కర్మాగారంలో ఏడుగురు కార్మికులు, పగటి పని ముగిశాక వారానికి మూడున్నర నుంచి నాలుగు రాత్రులు అగ్నిమాపక గదిలోనో దాని చేరువలోనో ఉండేవారు. అక్కడ పడకలు, రేడియో, ఆటబల్లలు ఉండేవి. అలారానికి స్పందించిన ప్రతిసారీ మొదట్లో 50 సెంట్లు, తరువాత 64 సెంట్లు ముట్టేవి గాని, వేచి ఉన్న గంటలకు అదనంగా ఏమీ వచ్చేది కాదు. వేచి ఉన్న కాలం పనికాలం కాజాలదనే సూత్రమేదీ చట్టంలో లేదని, వాస్తవాలను బట్టే తేల్చాలని 1944 నాటి 'స్కిడ్‌మోర్' తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా గంటకు కనీసం 27.63 డాలర్లు పొందే ప్రోగ్రామర్లను అక్కడి కేంద్ర చట్టమే ఓవర్‌టైమ్ రక్షణకు వెలుపల ఉంచింది; 1996లో ఖరారైన ఆ అంకె నేటికీ మారలేదు. అక్కడి తెలుగు ఇంజనీర్లలో ఎందరికో ఇది నేరుగా వర్తించే విషయం.

ఐరోపా న్యాయస్థానం మరింత లోతుకు వెళ్లింది. స్లొవేనియాలో కొండమీది ప్రసార కేంద్రంలో పనిచేసే సాంకేతిక ఉద్యోగి కేసులో 2021లో తీర్పు చెబుతూ, ఎంత వ్యవధిలో స్పందించాలి, ఎన్నిసార్లు పిలుపు వస్తుంది అనే రెండింటినీ చూసి, సొంత సమయాన్ని ఇష్టప్రకారం గడుపుకునే వీలు బాగా దెబ్బతింటే ఆ నిరీక్షణ అంతా పనికాలమేనని పేర్కొంది. దానికి ఎంత వేతనమివ్వాలన్నది మాత్రం ఆయా దేశాల చట్టాలకే విడిచిపెట్టింది. ఈ కొలమానం సాఫ్ట్‌వేర్ రంగానికి సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే పదిహేను నిమిషాల్లో స్పందించవలసినవారు సినిమాహాలులో కూర్చున్నా సినిమా చూస్తున్నట్టు కాదు.

హైదరాబాదు విషయానికి వస్తే, 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితి విధించగా, ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు కొన్ని నిబంధనల నుంచి షరతులతో మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతిస్తూ, వారపు పరిమితిని 48 గంటల వద్దే ఉంచింది. ఈ అంకెలు పనిచేసిన గంటలను కొలుస్తాయే తప్ప, దిండు పక్కన ఫోను పెట్టుకున్న రాత్రిని పట్టించుకోవు. యజమాని అధీనంలో ఉన్న కాలమే పనికాలమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే నిర్వచించిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

ఉచిత నిరీక్షణ వల్ల నష్టం ఉద్యోగి నిద్రతో ఆగదు. రాత్రికి ఖరీదు లేనప్పుడు, డిస్క్‌ను నింపే పాత లాగ్‌ఫైళ్లను తొలగించే చిన్న స్క్రిప్టు రాయడానికి ఒక మధ్యాహ్నం కేటాయించవలసిన అవసరం మేనేజరుకు కనిపించదు. అదే డిస్క్ మళ్లీ నిండుతుంది, ఈసారి వంతు వచ్చిన మరొకరి ఫోను మోగుతుంది.