ఈఎన్‌వై2: రెండు దారుల్లో దొరికిన ప్రోటీన్

ఈఎన్‌వై2 మనిషి కణాల్లో ఉండే చాలా చిన్న ప్రోటీన్. దాని పొడవు 101 అమైనో ఆమ్లాలు. దాన్ని తయారుచేసే జన్యువు 8వ క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద ఉంది. డీఎన్‌ఏ నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ప్రతిని తీసే అనులేఖనంలో ఈ ప్రోటీన్ పాలుపంచుకుంటుంది. తయారైన ప్రతిని కేంద్రకం దాటించే పనిలోనూ దీనికి భాగముంది. జీవశాస్త్రం ఈ రెండు పనులనూ చాలాకాలం వేర్వేరు అధ్యాయాల్లోనే బోధించింది. రెండు చోట్లా ఉన్నది ఒకే ప్రోటీన్ అని తేలడానికి పండ్ల ఈగ, ఈస్ట్, మనిషి కణం అనే మూడు మజిలీలు దాటాల్సి వచ్చింది.

కేంద్రకం చుట్టూ ఉన్న పొరలో రంధ్రాలు ఉన్నాయని 1950లో కాలన్, టామ్లిన్ ఉభయచరాల అండకణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించి చూపారు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఉనికి 1961లో బ్యాక్టీరియా మీద జరిగిన ప్రయోగాలతో రుజువైంది. బ్యాక్టీరియాలో కేంద్రకం లేదు కాబట్టి, ప్రతి తయారవుతుండగానే రైబోజోములు దాన్ని పట్టుకుంటాయి. ఎగుమతి అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. కేంద్రకం ఉన్న కణాల సంగతి వేరు. వాటి జన్యువులు ముక్కలుగా ఉంటాయని, మధ్యలోని ఇంట్రాన్లను కత్తిరించాకే ఆర్‌ఎన్‌ఏ పనికొస్తుందని 1977లో తెలిసింది. అంటే తయారీకీ ప్రయాణానికీ మధ్య చాలా తతంగమే ఉంది. 1985లో కణజీవశాస్త్రవేత్త గుంటర్ బ్లోబెల్ ఒక సాహసోపేతమైన ఊహ ముందుకు తెచ్చారు. పనిచేస్తున్న జన్యువులు కేంద్రక రంధ్రాల దగ్గరకు చేరి ఉంటాయని, ఒక జన్యువు ప్రతులు దానికి కేటాయించిన రంధ్రం గుండానే బయటికి పోతాయని ఆయన ప్రతిపాదించారు. ఆ ఊహను పరీక్షించడానికి కావలసిన అణువులేవో అప్పటికి ఎవరికీ తెలియదు.

వాటిలో ఒకదాని ఆచూకీ మాస్కోలో పండ్ల ఈగల్లో దొరికింది, అదీ ఎగుమతితో ఏ సంబంధమూ లేని పరిశోధనలో. డ్రోసోఫిలా అనే ఈ ఈగల ఒంటి రంగును నిర్ణయించే జన్యువుల్లో ఒకదాని పేరు ఎల్లో. ఒక రకం ఈగల్లో ఈ జన్యువు పక్కన జిప్సీ అనే చలన జన్యుఖండం వచ్చి చేరడంతో ఒళ్లు, రెక్కలు పసుపురంగుకు తిరుగుతాయి, ముళ్లవంటి రోమాలు మాత్రం నల్లగానే ఉంటాయి. ఈ లోపాన్ని ఇంకా ముదిరించే ఉత్పరివర్తనాలను గియోర్గియేవ్, గెరాసిమోవా 1989లో వివరించి, వాటికి ఎల్లోను పెంచేవన్న అర్థంలో పేరు పెట్టారు. వాటిలో రెండోదాని పేరే ఈఎన్‌వై2లో నిలిచింది. ఆ జన్యువును వేరుచేసి చదివిన ఫలితం 2001లో వచ్చింది. సోఫియా గియోర్గియేవా, సహచరులు దాన్ని పరిణామంలో పెద్దగా మారని అనులేఖన ప్రోటీన్‌గా గుర్తించారు. ఈగల రంగులో ఒక చిన్న తేడాను పన్నెండేళ్లపాటు వదలకుండా వెంబడించిన ఓపిక ఆ ఫలితం వెనుక ఉంది.

రెండో దారి హైడెల్‌బర్గ్‌లోని ఎడ్ హర్ట్ ప్రయోగశాలలో మొదలైంది. అక్కడ ఈస్ట్‌లో ఆర్‌ఎన్‌ఏ ఎగుమతికి కావలసిన జన్యువులను వెతుకుతున్నారు. యరా1 అనే ఎగుమతి ప్రోటీన్ బలహీనపడినా కణం బతుకుతుంది. కానీ దానికి ఇంకో లోపం తోడైతే చచ్చిపోతుంది. ఆ రెండో లోపం ఏ జన్యువులో ఉందో పట్టుకోవడమే పద్ధతి. అలా దొరికిన సస్1 అనే ప్రోటీన్ గురించి సుసానా రోడ్రిగెజ్-నవారో, సహచరులు 2004లో ప్రకటించారు. దాని పొడవు 96 అమైనో ఆమ్లాలే. పైగా ఇంట్రాన్లున్న జన్యువులే తక్కువైన ఈస్ట్‌లో దీని జన్యువుకు రెండు ఇంట్రాన్లున్నాయి. ఇంత చిన్నది, మధ్యలో తెగిపోయి ఉన్నది అయిన జన్యువు, జన్యువులను వెతికే కంప్యూటర్ల కంటికి ఆనడం కష్టమే.

సస్1 ఎవరితో జతకట్టిందో చూసినప్పుడు అసలు ఆశ్చర్యం ఎదురైంది. ఒకవైపు అది శాగా అనే భారీ అనులేఖన సముదాయంలో ఉంది. మరోవైపు శాక్3, థెప్1 అనే ఎగుమతి ప్రోటీన్లతో కలిసి కేంద్రక రంధ్రాల దగ్గర ఉంది. ఈ రెండో సముదాయానికి తర్వాత ట్రెక్స్-2 అన్న పేరు స్థిరపడింది. మాస్కో ఈగ ప్రోటీన్‌కు ఈస్ట్‌లో ఉన్న రూపమే సస్1. ఈస్ట్‌లో గెలాక్టోజ్ జన్యువులు పనిచేసేటప్పుడు కేంద్రక పొరకు అంటిపెట్టుకోవడానికి సస్1 కావాలని 2006లో పారిస్ పరిశోధకులు చూపారు. బ్లోబెల్ ఊహకు అలా ఇరవై ఏళ్ల తర్వాత ప్రయోగాల ఆధారం దొరికింది.

ఈ ప్రోటీన్ స్వయంగా ఎంజైమ్ కాదు. దాని పని ఇతర ప్రోటీన్లను సరైన ఆకారంలో పట్టి ఉంచడం. 2009లో కేంబ్రిడ్జ్‌లో మర్రే స్టీవర్ట్ బృందం తీసిన స్ఫటిక చిత్రంలో రెండు సస్1 అణువులు శాక్3 పొడవాటి సర్పిలం చుట్టూ, గుంజకు అల్లుకున్న తీగల్లా కనిపించాయి. మరుసటి ఏడాది రెండు బృందాలు శాగాలోని భాగాన్ని చిత్రించాయి. అక్కడ సస్1 అదే తీరున వేరొక ప్రోటీన్‌ను చుట్టుకుని ఉంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లలో ఒకటైన హెచ్2బీ మీద తగిలించిన ఉబిక్విటిన్ అనే గుర్తును తీసేసే ఎంజైమ్ పనిచేయడానికి ఈ అమరిక అవసరం. ఆ గుర్తును తగిలించడం, తీసేయడం రెండూ జరిగితేనే అనులేఖనం సజావుగా సాగుతుంది. ఒకే రకం పట్టు రెండు వేర్వేరు యంత్రాలకు పనికొచ్చింది. ఒకే అణువు రెండు చోట్ల ఎలా ఇమిడిందన్న ప్రశ్నకు ఇంతకంటే తేటైన జవాబు ఉండదు.

మనిషి విషయానికొస్తే, 2008లో ఫ్రాన్స్‌లో దెవీస్, తోరా బృందం ఈఎన్‌వై2ను యూఎస్‌పీ22 అనే ఎంజైమ్ పక్కన గుర్తించింది. 2001 నాటి ఈగ పరిశోధనలోనూ తోరా భాగస్వామి. ఈ ఎంజైమ్ భాగాన్ని మిగతా శాగా సముదాయానికి కలిపి ఉంచేది అటాక్సిన్-7. దాని జన్యువులో ఒక పునరావృతం మితిమీరి పొడవైతే నడక తడబడి, చూపు కూడా పోయే వారసత్వ వ్యాధి వస్తుంది. 2010లో ఎగుమతి వైపు జంట కూడా బయటపడింది. మనిషి కణాల్లో శాక్3 స్థానంలో ఉన్నది జీఏఎన్‌పీ అనే పెద్ద ప్రోటీన్. దానికి రెండు ఈఎన్‌వై2 అణువులు అంటుకుంటాయి.

అయితే ఈస్ట్ పాఠం మనిషికి యథాతథంగా వర్తించలేదు. మనిషి కేంద్రకం ఈస్ట్ కేంద్రకం కన్నా ఎంతో పెద్దది. పనిచేసే జన్యువులన్నీ రంధ్రాల దగ్గరే ఉండటం సాధ్యం కాదు. మానవ ట్రెక్స్-2 రంధ్రాల లోపలి అంచుకు స్థిరంగా అతుక్కుని ఉంటుందని 2013లో తేలింది. జీఏఎన్‌పీ కొన్ని తరగతుల ఆర్‌ఎన్‌ఏల ఎగుమతికే ముఖ్యమని ఆ మరుసటి ఏడాది తెలిసింది. 2016లో మరో చిక్కుముడి తోడైంది. యూఎస్‌పీ22తో పాటు యూఎస్‌పీ27ఎక్స్, యూఎస్‌పీ51 అనే ఎంజైములు కూడా ఈఎన్‌వై2 మీదే ఆధారపడి, దానికోసం పరస్పరం పోటీపడతాయి. అందువల్ల యూఎస్‌పీ22ను తొలగించినా హిస్టోన్ల మీది ఉబిక్విటిన్ గుర్తులు పెరగవు. ఖాళీ అయిన ఈఎన్‌వై2ను మిగతా రెండూ అందుకుంటాయి.