కణంలో కరెంటు: పవర్‌హౌస్ దొరికిన కథ

డ్యూటీ వల్ల ఈ వారం ఎపిసోడ్ వినడం కుదరనివాళ్ళ కోసం, విన్నా పేర్లు గుర్తుండనివాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మన పిల్లలు హైస్కూల్లో చదివే ఒక లైను ఉంది: మైటోకాండ్రియా కణ శక్త్యాగారం. రెండు మార్కుల ప్రశ్న. బట్టీ పడతారు, రాస్తారు, మర్చిపోతారు. ఆ ఒక్క లైను ధైర్యంగా రాయడానికి సైన్సుకు దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. అందులో ఒక సగం భీమవరంలో పుట్టి బోస్టన్ పోయిన తెలుగాయనది. ఇంకో సగంలో పెద్ద వాటా బెల్జియం నుంచి న్యూయార్క్ వచ్చిన ఒకాయనది. ఈ రెండో ఆయన ఒకప్పుడు స్టీల్ మిల్లులో డ్రాఫ్ట్స్‌మన్, హైస్కూల్ సర్టిఫికెట్ కూడా లేదు. ఇద్దరూ పరాయి దేశంలో పనిచేసినవాళ్ళే. అందుకే ఈ కథ మనం చెప్పుకోవాల్సింది అనిపించింది.

ముందు గోడలు, తర్వాత సామాను

1665లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ అనే ఆయన బెండు ముక్కను పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. తేనెపట్టులాగ చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి 'సెల్' అని పేరు పెట్టాడు. లాటిన్ మూలంలో ఆ మాటకు చిన్న గది అని అర్థం. ఈ హుక్ మన లైనువాడు కూడా. మరుసటి ఏడాది లండన్ నగరం తగలబడిపోతే, తిరిగి కట్టేటప్పుడు నగరానికి సర్వేయర్‌గా కొలతలు తీసింది ఈయనే.

కానీ బెండు అంటే చచ్చిన చెట్టు బెరడు. హుక్ చూసింది ఖాళీ ఫ్లాటు లాంటిది. గోడలున్నాయి, లోపల వైరింగ్ లేదు, మనుషులు లేరు. 1670ల్లో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన చేత్తో అరగదీసుకున్న అద్దాలతో నీటి చుక్కలో బతికున్న సూక్ష్మజీవులను చూశాడు. ఆయనకు పండితుల లాటిన్ రాదు, తన డచ్ భాషలోనే ఉత్తరాలు రాసి పంపాడు. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో గుండ్రటి భాగాన్ని గమనించి 'న్యూక్లియస్' అన్నాడు. మనం కేంద్రకం అంటాం.

అక్కడి నుంచి పని నెమ్మదించింది. కారణాలు రెండు. ఒకటి, కణం లోపల అంతా గాజులాగ పారదర్శకం, ఏదీ విడిగా కనపడదు. రెండోది, మామూలు వెలుతురుతో చూసినంత కాలం మిల్లీమీటరులో ఐదువేల వంతు కంటే చిన్న వివరం తెలియదు. అద్దం ఎంత మంచిదైనా అంతే. మిల్లీమీటరు గీతలున్న టేపుతో కాగితం మందం కొలవగలమా? ఇదీ అలాంటిదే.

మొదటి అడ్డంకికి రంగులు పనికొచ్చాయి. 1890లో జర్మనీలో రిచర్డ్ ఆల్ట్‌మన్ కణాలకు రంగు వేసి చూస్తే లోపల వందల కొద్దీ గింజలు కనిపించాయి. ఇవి కణం లోపల బతికే చిన్న జీవులేమో అన్నాడు. జనం నమ్మలేదు. 1898లో కార్ల్ బెండా వాటికి మైటోకాండ్రియా అని పేరు పెట్టాడు. గ్రీకులో దారం, గింజ అనే రెండు మాటలు కలిపి కట్టిన పేరు అది. అదే 1898లో ఇటలీలో కామిల్లో గాల్జీ వెండి లవణంతో రంగు పట్టించి, నరాల కణాల్లో వల లాంటి మరో భాగం చూశాడు.

అక్కడ గొడవ మొదలైంది. అది నిజంగా కణంలో ఉన్న వస్తువా, లేక రంగు వేయడం వల్ల ఏర్పడ్డ మరకా? గోడ మీద మచ్చ కనపడితే లోపల పైపు లీకేజీనా, పైన పడ్డ మరకా అని సైట్‌లో వాదించుకుంటాం చూడండి, అచ్చం అలాగే. గాల్జీ చూసిన భాగం మీద ఈ వాదన యాభై ఏళ్ళకు పైగా నడిచింది. మైటోకాండ్రియా ఉన్నాయని చాలామంది ఒప్పుకున్నారు గానీ, అవి ఏం పని చేస్తాయో ఎవరూ రుజువు చేయలేకపోయారు.

భీమవరం నుంచి బోస్టన్

యెల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పాసవడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, గాంధీ గారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నారు. దాంతో ప్రొఫెసర్‌కు కోపమొచ్చి, పూర్తి ఎంబీబీఎస్ బదులు కింది స్థాయి ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారని ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. 1922లో భార్య శేషగిరి గారిని ఇంట్లో వదిలి బోస్టన్ వెళ్ళారు. మళ్ళీ తిరిగి రాలేదు.

డాక్టరై ఉండి కూడా అక్కడ వైద్యం చేసే లైసెన్సు లేదు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని అది. పగలు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర ప్రయోగశాల పని. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దాన్ని ప్రపంచమంతా వాడింది.

ఆ కొలత చేతిలో ఉంది కాబట్టి కండరం మీదకు వెళ్ళారు. కండరం దేనితో కదులుతుంది అన్నదానికి అప్పటికే ఒక సిద్ధాంతం ఉంది. గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే అసలు కారణం అని అనుకునేవాళ్ళు. ఆ దారిలో పనిచేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం చూపించారు. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ నిండుతుంది. 1929లో కండరం నుంచే ఏటీపీని, అంటే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరు చేసి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనిపెట్టారు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ అన్ని ఆధారాలూ కలిపి చూసి, కణంలో చాలా పనులకు శక్తిని అందించేది ఈ ఫాస్ఫేట్ బంధాలేనని చెప్పాడు. ఈయన కూడా జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చినవాడే.

అంటే కరెంటు ఏదో తెలిసింది. ఆ కరెంటు తయారయ్యే చోటు కణంలో ఎక్కడుందో తేలలేదు.

సీసాలో ఇసుక, గొట్టంలో కణం

రెండో మనిషి ఆల్బర్ట్ క్లాడ్. బెల్జియంలో లాంగ్లియే అనే చిన్న ఊరు. ఒకే గది ఉన్న బడి. చిన్నప్పుడే తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. పక్షవాతం వచ్చిన బంధువుకు సేవ చేయడానికి చదువు ఆగింది. స్టీల్ మిల్లులో అప్రెంటిస్‌గా చేరి డ్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళకు సర్టిఫికెట్ లేకపోయినా కాలేజీ సీటు ఇచ్చే ఏర్పాటు ఒకటి వస్తే, దాని ద్వారా లీయేజ్‌లో మెడిసిన్‌లో చేరాడు. 1929లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు.

ఆయన పద్ధతి మనకు తెలిసినదే. ఇసుకలో మట్టి ఎంతుందో చూడటానికి గాజు సీసాలో నీళ్ళు పోసి ఊపి పెడతాం కదా. బరువైన ఇసుక ముందు దిగుతుంది, సన్న మట్టి పైన పొరగా నిలుస్తుంది. క్లాడ్ కణాలను నూరి, ఆ రసాన్ని గొట్టంలో పోసి సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పాడు. తక్కువ వేగానికి కేంద్రకాలు దిగాయి. వేగం పెంచితే మైటోకాండ్రియా దిగాయి. ఇంకా పెంచితే అంతకంటే సన్నటి రేణువులు దిగాయి.

మొదట ఆయన వెతికింది కోళ్ళలో క్యాన్సర్ తెచ్చే వైరస్ కోసం. గొట్టం అడుగున సన్న రేణువులు దొరికాయి. సరిచూసుకోవడానికి జబ్బు లేని కోడిపిండం కణాలను కూడా అలాగే తిప్పితే, అందులోనూ అవే రేణువులు! అంటే అవి వైరస్ కాదు, ప్రతి కణంలో ఉండే సామాను. కణాన్ని భాగాలుగా విడదీసి ఒక్కోదాన్ని విడిగా పరీక్షించవచ్చని అలా తేలింది.

1945లో క్లాడ్, కీత్ పోర్టర్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ కలిసి మొత్తం కణానికి మొట్టమొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో ప్రచురించారు. వెలుతురు పెట్టిన హద్దు ఆ దెబ్బతో దాటారు. 1946లో క్లాడ్ బృందం, ఆక్సిజన్ వాడుకునే ఎంజైములు దిగుతున్నది మైటోకాండ్రియా పొరలోనే అని చూపింది. 1948లో అదే చోట జార్జ్ పాలడె, మరో ఇద్దరు నీళ్ళ బదులు చిక్కటి పంచదార ద్రావణం వాడారు. ఇక మైటోకాండ్రియా ఉబ్బిపోకుండా ఆకారం చెడకుండా బయటికొచ్చాయి. పాలడె రుమేనియా నుంచి వచ్చినవాడు.

ఇక చివరి మెట్టు. షికాగోలో యూజీన్ కెనెడీ, ఆల్బర్ట్ లెనింజర్ విడదీసిన మైటోకాండ్రియాకు ఆహారపు ముక్కలు, ఆక్సిజన్ ఇచ్చి చూశారు. ఆక్సిజన్ ఖర్చవుతుంటే ఫాస్ఫేట్ ఏటీపీలోకి చేరుతోంది. 1948, 1949ల్లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సుబ్బారావు గారు కనిపెట్టిన కరెంటు, క్లాడ్ విడదీసిన మిషన్‌లోనే తయారవుతోందని తేలింది. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ ఒక పత్రికలో రాసిన వ్యాసానికి 'కణం పవర్‌హౌస్' అని పేరు పెట్టాడు. మన పిల్లల పుస్తకంలో శక్త్యాగారం అంటే ఆ మాటే.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, 53 ఏళ్ళకే పోయారు. హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారి అక్కడ మందులు కనిపెట్టే పనిలో ఉన్నారు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో భారతీయులు పౌరసత్వానికి పనికిరారన్నారు, 1946లో గానీ చట్టం మారలేదు. ఆయన చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. క్లాడ్‌కు, పాలడెకు, క్రిస్టియన్ డి డ్యూవ్‌కు కలిపి 1974లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు.

మిగతా భాగాలు, టర్బైన్

దారి తెరుచుకున్నాక మిగతావి వరసగా తేలాయి. కేంద్రకం డ్రాయింగ్ ఆఫీసు. పాలడె 1955లో వివరించిన రైబోజోములు ఆ డ్రాయింగ్ చూసి ప్రోటీన్లు కట్టే మేస్త్రీలు. అంతర్జీవద్రవ్య జాలం లోపలి దారుల వల. గాల్జీ సంక్లిష్టం స్టోరు: ప్యాకింగ్ చేసి, ట్యాగ్ కట్టి, ఎక్కడికి పోవాలో అక్కడికి పంపుతుంది. అది మరక కాదని 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే తేల్చింది. డి డ్యూవ్ 1955లో పేరు పెట్టిన లైసోజోములు పాత సామాను కరిగించే స్క్రాప్ యార్డ్.

పవర్‌హౌస్‌లో కరెంటు ఎలా పుడుతుందో 1961లో పీటర్ మిచెల్ చెప్పాడు. మైటోకాండ్రియా లోపలి పొర నాగార్జునసాగర్ ఆనకట్ట లాంటిది. ఆహారం నుంచి వచ్చే శక్తితో ప్రోటాన్లను పొరకు ఒక వైపు తోడి పోస్తుంది. అవి తిరిగి పారేటప్పుడు ఒక చిన్న టర్బైన్ తిరుగుతుంది, ఏటీపీ తయారవుతుంది. చాలా ఏళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. ఈయన కూడా మన లైనువాడే: ఇంగ్లండ్‌లో పాడుబడ్డ ఒక పెద్ద బంగళాను తానే దగ్గరుండి బాగు చేయించి, దాన్నే ప్రయోగశాలగా వాడాడు. 1978లో నోబెల్ వచ్చింది. ఆ టర్బైన్ ఏటీపీని ఎలా తయారు చేస్తుందో తేల్చినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో వచ్చింది.

ఆల్ట్‌మన్ సంగతి కూడా చెప్పాలి. 1967లో లిన్ మార్గులిస్ అనే ఆమె, మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా, ఎప్పుడో ఇంకో కణంలోకి వచ్చి అక్కడే స్థిరపడింది అని రాశారు. ఆ వ్యాసాన్ని పదికి పైగా పత్రికలు తిప్పి పంపాయి. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు దాన్నే చెబుతున్నాయి. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది, అది మనకు అమ్మ నుంచే వస్తుంది.

మధ్యాహ్నం ఎండలో ఇదే లెక్క

ఒంట్లో ఒక సమయానికి ఉండే ఏటీపీ వంద గ్రాములు అటూ ఇటూ. కానీ అదే ఏటీపీ ఖర్చవుతూ మళ్ళీ తయారవుతూ రోజు మొత్తం మీద దాదాపు మన బరువంత అవుతుంది. కండరం పనిచేసేటప్పుడు తిన్నదాని శక్తిలో పావు వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగతా ముప్పావు వంతు వేడి. జనరేటర్ వేడెక్కినట్టే మన ఒళ్ళూ వేడెక్కుతుంది. జనరేటర్‌కు రేడియేటర్ ఉంటుంది, మనకు చెమట ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఆరదు, వేడి బయటికి పోదు.

కాబట్టి నలభై ఐదు డిగ్రీల్లో కడ్డీలు కట్టే మనిషికి వేడి రెండు వైపుల నుంచి వస్తుంది, పైన ఎండ, లోపల కోట్ల పవర్‌హౌస్‌లు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని రూలు ఉన్నది ఇందుకే. అది మన మీద దయ కాదు, ఒళ్ళు పనిచేసే తీరు అది. పక్కన పనిచేసే తమ్ముడు తడబడి నడుస్తున్నా, మాట పొంతన లేకుండా మాట్లాడుతున్నా బద్ధకం అనుకోకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, గాలి తగిలేలా చూసి, వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

మనలో చాలామందిమి ఐటీఐ దాకా చదివినవాళ్ళం, కొందరు అది కూడా లేదు. క్యాంపులో సైన్స్ మాట వస్తే 'మనకెందుకులే' అని లేచిపోతాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలు మైటోకాండ్రియా పాఠం గురించి అడిగితే ఈసారి లేచిపోకండి. నైట్ పోర్టర్ సుబ్బారావు గారి పేరు, స్టీల్ మిల్లు డ్రాఫ్ట్స్‌మన్ క్లాడ్ పేరు చెప్పండి. ఆ లైను ఎలా వచ్చిందో వాళ్ళ టీచరు కంటే మీరే వివరంగా చెప్పగలరు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. నీళ్ళు తాగుతూ ఉండండి.