గాలి లేని చోట 24 నిమిషాలు

2014 సెప్టెంబరు 24, ఉదయం 7 గంటల 17 నిమిషాలు. బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో అందరి కళ్లూ తెరల మీదే. చెయ్యడానికి మాత్రం ఎవరికీ ఏమీ మిగల్లేదు. ఆదేశాలన్నీ ముందే అంగారకుడి దగ్గరికి చేరిన నౌక మంగళయాన్‌కు అందిపోయాయి. అక్కడేం జరిగినా కబురు ఇక్కడికి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది.

శ్రీహరికోటలో బయల్దేరి పది నెలలు దాటింది. ఇప్పుడు వేగం తగ్గకపోతే నౌక అంగారకుణ్ణి దాటుకుని వెళ్లిపోతుంది. బ్రేకు వేద్దామంటే కింద రోడ్డు లేదు, చుట్టూ గాలీ లేదు. అందుకే నౌకను తిప్పి, ఇంజిన్ మంట నౌక వెళ్లే వైపుకే చిమ్మేలా పెట్టారు. దాదాపు 300 రోజులు నిద్రపోయిన ఇంజిన్ అది. రెండు రోజుల ముందు నాలుగు సెకన్లు వెలిగించి చూస్తే పలికింది. ఇవాళ 24 నిమిషాలు మండాలి.

గాలే లేకపోతే మంటెలా? దీపావళి తారాజువ్వను చూడండి. చుట్టూ ఉన్న గాలి వల్లే మండుతుందనుకుంటాం కానీ, కాదు. దాని మందులోని సురేకారమే మంటకు కావలసిన ప్రాణవాయువు ఇస్తుంది. మంగళయాన్‌లో ఆ పని నైట్రోజన్ టెట్రాక్సైడ్‌ది. హైడ్రజీన్ జాతి ఇంధనం దానికి తగిలితే చాలు, నిప్పురవ్వ అక్కర్లేకుండానే భగ్గుమంటుంది.

మండే గదిలో పుట్టిన వాయువు అన్ని గోడలనూ నొక్కుతుంది. ఒక వైపు మాత్రం గోడ లేదు, నాజిల్ ఉంది. వాయువు అటు దూసుకుపోతుంది, ఎదుటి గోడ మీది ఒత్తిడికి జోడీ లేకుండా పోతుంది. నౌకను నెట్టేది అదే. బయట గాలి ఉంటే అది సాయం కాదు, అడ్డు.

ఆ నెట్టుడు ఎంతనుకున్నారు? 440 న్యూటన్లు. ఇక్కడ 45 కిలోల మూటను ఎత్తి పట్టుకునేంత, అంతే!

7:30కి ఇంజిన్ వెలిగిందని తెలిసింది. కాసేపటికే నౌక అంగారకుడి చాటుకు పోయింది, సంకేతం ఆగిపోయింది. ఆ తర్వాతిదంతా ఎదురుచూపే. ఎనిమిది కావస్తుండగా మళ్లీ సంకేతం అందింది. హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఇంజిన్ వెలిగిన ఆ కాసేపట్లో మంగళయాన్ ఇంధనాన్ని మండించి తన ముందుకు వెదజల్లింది. వేగం సెకనుకు 1,099 మీటర్లు తగ్గింది.