నైట్రస్ ఆక్సైడ్: నవ్వు క్షణికం – నరాలకు నష్టం దీర్ఘకాలం

రంగు లేని, స్వల్పంగా తీపి వాసన గల నైట్రస్ ఆక్సైడ్ వాయువును శస్త్రచికిత్సలలో మత్తుకు తోడుగాను, దంతచికిత్స, ప్రసవ సమయాలలో నొప్పి నివారణకు గాను వైద్యులు వినియోగిస్తున్నారు. మీగడను నురుగుగా గిలకొట్టేందుకు వాడే చిన్న లోహపు గొట్టాల నుండి ఇదే వాయువును మత్తు కోసం పీల్చడం పలు దేశాలలో ప్రజారోగ్య సమస్యగా పరిణమించింది. బ్రిటన్‌లో 2023 నవంబరు 8 నుండి దీనిని 'సి' తరగతి మాదకద్రవ్యాల జాబితాలో చేర్చి, మత్తు కోసం కలిగి ఉండడాన్ని నేరంగా పరిగణిస్తున్నారు.

పూర్వాపరాలు

జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లో ఈ వాయువును తయారు చేశారు. హంఫ్రీ డేవీ 1799లో బ్రిస్టల్ నగరంలో దీనిని స్వయంగా పీల్చి, ఉల్లాసం కలగడాన్ని, నొప్పి తగ్గడాన్ని గమనించి 1800లో గ్రంథస్థం చేశారు. అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ 1844లో ఈ వాయువు పీల్చి తన పన్ను తీయించుకున్నారు.

మనఃస్థితిపై ప్రభావం

పీల్చిన క్షణాలలోనే ఈ వాయువు మెదడుకు చేరి, నాడీకణాల మధ్య సంకేతాలను అందుకునే ఎన్‌ఎండిఎ గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఫలితంగా ఉల్లాసం, అకారణమైన నవ్వు, తేలిపోతున్న భావన కలుగుతాయి. కొందరిలో భయం, అయోమయం, భ్రాంతులు కూడా తలెత్తుతాయి. ఈ స్థితి కొద్ది నిమిషాలలోనే తొలగిపోతుంది. అందువలననే మళ్లీ మళ్లీ పీల్చే అలవాటు ఏర్పడే ప్రమాదం కలదు.

శరీర సమన్వయంపై ప్రభావం

మత్తులో ఉన్నంతసేపు మాట తడబడుతుంది, తల తిరుగుతుంది, ప్రతిస్పందన మందగిస్తుంది. ఆ స్థితిలో వాహనం నడపడం ప్రమాదకరం. ఆసుపత్రులలో ఈ వాయువును తగినంత ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. ఎంటోనాక్స్ మిశ్రమంలో రెండూ సగం సగం ఉంటాయి. ఆక్సిజన్ లేకుండా పీల్చినచో స్పృహ కోల్పోవడం, ప్రాణాపాయం సంభవించవచ్చు.

పదేపదే పీల్చేవారిలో ఈ వాయువు బి12 విటమిన్‌ను నిష్క్రియం చేస్తుంది. నరాలపై గల మైలిన్ పొర, వెన్నుపాము దెబ్బతింటాయి. మొదట కాళ్లు, చేతుల వేళ్లలో తిమ్మిరి, తదుపరి నడకలో తూలడం కనబడతాయి. కనుచూపు ఆసరా లేని చీకటిలో ఈ తూలుడు అధికమవుతుంది. ఆహారంలో బి12 తక్కువగా లభించే శాకాహారులు, వృద్ధులు మరింత జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

నిర్ధారణ, చికిత్స

రక్తపరీక్షలో బి12 పరిమాణం సాధారణంగానే కనబడినా వ్యాధి లేదని భావించరాదు. హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ ఆమ్లం పరీక్షలు నిర్ధారణకు తోడ్పడతాయి. వాయువును పూర్తిగా మానివేయడం, బి12 ఇంజెక్షన్లు చికిత్సలో ముఖ్యమైనవి. ఆలస్యమైనచో నష్టం కొంతవరకు శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

వైద్యుల పర్యవేక్షణలో కొద్దిసేపు ఇచ్చే ఈ వాయువు గురించి రోగులు సాధారణంగా ఆందోళన చెందనవసరం లేదు. అయితే బి12 లోపం గలవారు ఆ విషయాన్ని చికిత్సకు ముందే వైద్యునికి తెలియజేయవలెను.