క్లోరోఫారం, గుండె: హైదరాబాదు పరిశోధనలు

శస్త్రచికిత్సకు ముందు రోగికి స్పృహ తప్పించే క్లోరోఫారమును ఎడింబరోలో సింప్సన్ అనే వైద్యుడు 1847 నవంబరులో వాడుకలోకి తెచ్చినాడు. మూడు నెలలు గడవకముందే, 1848 జనవరి 28న, కాలిగోరు తీయించుకొనబోయిన హన్నా గ్రీనర్ అనే పదిహేనేండ్ల ఇంగ్లీషు బాలిక ఆ మందు పీల్చి కొద్ది నిమిషాలలో మరణించినది. వేలమందికి కీడు చేయని మందు ఎక్కడో ఒకరిని ఉన్నట్టుండి ఎందుకు చంపుతున్నది? ముందుగా ఆగేది ఊపిరా, గుండెయా?

ఇది పండితుల కాలక్షేపం కాదు. మత్తు ఇచ్చేవాడు రోగి నాడి పట్టుకొని కూర్చోవలెనా, ఊపిరిని కనిపెట్టి ఉండవలెనా అన్నది దీనిపైనే ఆధారపడి ఉండేది. ఎడింబరోలో సైమ్ ఊపిరినే చూడమన్నాడు. లండనులో పెక్కుమంది నాడిని వదలరాదన్నారు.

ఈ తగవును తీర్చే ప్రయత్నం జరిగినది హైదరాబాదులో. సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ అక్కడ రెసిడెన్సీ సర్జను, వైద్య పాఠశాలకు అధిపతి. 1888లో ఆయన ఏర్పరచిన సంఘం 141 కుక్కలపై ప్రయోగాలు చేసి, శ్వాసే ముందు ఆగునని ప్రకటించినది. లండనులోని లాన్సెట్ పత్రికకు నమ్మకం కుదరలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌనులిచ్చి, ఆ పత్రికనే ఒక నిపుణుని పంపమని కోరినది. జనగామ, మహబూబాబాదుల మీదుగా బెజవాడకు రైలు మార్గం పూర్తి అయిన 1889లోనే (భూపాలపల్లి అడవులకు అది దూరంగానే ఉండిపోయినది) లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చినాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ గుణమిస్తుందని 1867లో చూపినవాడితడే. గుండెయే ముందు ఆగునని నమ్మి వచ్చినవాడు.

రెండవ సంఘం కుక్కలు, కోతులు మొదలైన నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిపినది. రక్తపు ఒత్తిడి, శ్వాస తిరిగే డ్రమ్ముపై గీతలుగా నమోదైనవి. మళ్ళీ శ్వాసే ముందు ఆగినది. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొన్నాడు. కళ్ళెదుటి సాక్ష్యానికి తలవంచిన ఆ నిజాయితీ మెచ్చదగినదే. నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడినది. ఊపిరిని చూస్తే చాలు, నాడితో పనిలేదని లారీ బోధించసాగినాడు.

గీతలు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నే ఇరుకైనది. ఆ జంతువుల్లో పెక్కింటికి మందు మోతాదు మించేదాకా ఇచ్చినారు. అటువంటప్పుడు ఊపిరి ముందు ఆగుట సహజం. కాని రోగులు చాలాసార్లు మత్తు సరిగా ఎక్కకముందే మరణించేవారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులకు క్లోరోఫారం కొద్దిగా ఇచ్చి, ఎడ్రినలిన్ సూదిమందు వేసినాడు. వెంటనే గుండె జఠరికల కండరపోగులు కలిసి ముడుచుకొనుట మాని, దేనికది అల్లాడసాగినవి. అట్టి గుండె రక్తాన్ని తోయలేదు. భయపడినవాని ఒంట్లో ఎడ్రినలిన్ తనంతటనే ఊరుతుంది. శస్త్రచికిత్స ఆరంభంలో పెనుగులాడుతూ చనిపోయినవారిలో పెక్కుమందికి ఇది సరిపోయే కారణం. హైదరాబాదు ప్రయోగశాలలో ఈ స్థితి అరుదు. అందుకే అది కంటబడలేదు.

లయను చెరిచే గుణం మత్తుమందుకే పరిమితమైతే ఆశ్చర్యం లేదు. లయను దిద్దే మందులకూ అది ఉన్నది. సింకోనా బెరడులోని క్వినిడీనును 1918లో ఫ్రై అనే జర్మనీ వైద్యుడు కర్ణికల లయభంగానికి వాడినాడు. అది పుచ్చుకొన్నవారిలో కొందరు హఠాత్తుగా మూర్ఛపోయేవారు. ఆ మూర్ఛ వేళ జఠరికలు అల్లాడుతున్నవని 1964లో సెల్జర్, రే అనే ఇద్దరు చూపినారు. ఒక స్పందన ముగిసి మరొకదానికి గుండెకణం సిద్ధమయ్యే వ్యవధిని ఈ మందు పొడిగిస్తుంది. ఆ పొడిగింపు మితిమీరినా, రక్తంలో పొటాషియం తగ్గినా ఆపద.

బ్రంటన్ రాకకు సరిగా నూరేండ్లకు, 1989లో, అమెరికాలో ఒక పరీక్షను నడుమనే ఆపివేసినారు. గుండెపోటు నుండి కోలుకొన్నా అదనపు స్పందనలు మిగిలినవారికి ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఇచ్చినారు. అవి పుచ్చుకొన్న 755 మందిలో 63 మంది, గుణంలేని మాత్ర పుచ్చుకొన్న 743 మందిలో 26 మంది మరణించినారు. పరీక్షకు ఎన్నుకొన్నది, ఆ మందులతో అదనపు స్పందనలు అణగినట్లు ముందే తేలినవారిని.