దివాణాలు పోయాయి, తోటలు అంతకన్నా ముందే పోయాయి

ఉప్పాడ ఒడ్డున పెద్ద తుపాను వెళ్ళాక జనం ఇసుకలో బంగారం వెతుకుతారు. 2020 నవంబరులో, నివర్ తుపాను రోజుల్లో ఈ సంగతి టీవీలకెక్కి దేశమంతా పాకింది. ఆ బంగారం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఇక్కడ రెండు మాటలు వినిపిస్తాయి. సముద్రంలో కలిసిపోయిన పాత గుళ్ళవీ ఇళ్ళవీ పునాదుల్లో శంకుస్థాపన నాడు వేసిన బంగారమని కొందరంటారు. పిఠాపురం రాజుల కట్టడాలు ఒకప్పుడు ఈ ఒడ్డున ఉండేవనీ, వాటితో పాటు పోయిన సొత్తే ఇప్పుడు బయటపడుతోందనీ ఇంకొందరంటారు.

బంగారం కథ ఎలా ఉన్నా, ఒడ్డు కోసుకుపోవడం మాత్రం కథ కాదు. వీధులకు వీధులు పోయాయి. బీచి రోడ్డు తుపానుకోసారి తెగుతుంది, మళ్ళీ వేస్తారు. గోదావరి తెచ్చే ఒండ్రు పైన ఆనకట్టల దగ్గరే ఆగిపోవడం, ఒడ్డు వెంట ఇసుక ప్రయాణం చేసే తీరు మారిపోవడం దీనికి కారణాలని చదువుకున్నవాళ్ళు చెబుతారు. రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలతో గోడ కట్టారు. సముద్రం వాటినీ లెక్కచెయ్యలేదు.

కాబట్టి మా వైపు పాత బంగ్లాల మాట వస్తే నింద సముద్రం మీదకి పోతుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. ఇక్కడికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల లోపలున్న పిఠాపురానికి సముద్రం రాలేదు. పెద్దాపురానికి రాలేదు. కోనసీమలో మండువా లోగిళ్ళున్న ఊళ్ళు చాలావాటికి రాలేదు. అయినా పెద్ద ఇళ్ళు అక్కడా కూలుతున్నాయి. మరి వాటిని తిన్నదేమిటి?

దానికి జవాబు ఆ ఇళ్ళు ఎలా బతికాయో చూస్తే దొరుకుతుంది. 1802లో ఉత్తర సర్కార్లలో కంపెనీ వాళ్ళు శాశ్వత శిస్తు నిర్ణయం చేశారు. కంపెనీకి కట్టాల్సింది ఇంతని ఖాయమైంది. రైతుల దగ్గర వసూలయ్యేదానిలో అది పోగా మిగిలింది జమీందారుది. ఆ మిగులులోంచే దివాణాలు, అతిథి బంగ్లాలు, ఏనుగుశాలలు, తోటలు లేచాయి. కట్టడం ఒక్కసారి ఖర్చు. నిలబెట్టడం రోజూ ఖర్చు. ఊడ్చేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, ఏటా సున్నం వేసేవాళ్ళు, పెంకు సర్దేవాళ్ళు, తోటమాలులు, కాపలావాళ్ళు ఒక్కో దివాణాన్ని ఆనుకుని బతికేవారు. వాళ్ళ చాకిరీకి తగిన కూలి ముట్టిందా అన్నది వేరే ప్రశ్న. ముట్టని చోట్లే ఎక్కువ. ఇళ్ళ గొప్ప చెప్పుకునేటప్పుడు అది మరిచిపోకూడదు.

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రైతుకు మేలు జరిగింది, జరగాల్సిందే. అయితే ఆ చట్టం తర్వాత కోటలూ బంగ్లాలూ జమీందారుల చేతుల్లోనే ఉన్నాయి. వాటిని పోషించే శిస్తు మాత్రం పోయింది. నలభై గదుల ఇల్లుంది, నలుగురు పనివాళ్ళకు జీతమిచ్చే దారి లేదు. తర్వాత 1973లో భూ పరిమితి చట్టం వచ్చింది. వారసులు పెరిగారు, వాటాలు పడ్డాయి, పిల్లలు హైదరాబాదు, అమెరికా వెళ్ళారు. మిగిలిన కథ మీకు తెలిసిందే. ముందు ఒక గదికి తాళం పడుతుంది, తర్వాత ఒక వసారాకి, చివరికి గేటుకి.

పిఠాపురం సంస్థానాన్నే తీసుకుందాం. రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహదూరు గారు 1885లో పుట్టి 1964లో పోయారు. అంటే జమీందారీ వైభవాన్నీ, అది ముగియడాన్నీ రెంటినీ చూసిన మనిషి. ఆయన తండ్రి గంగాధర రామారావు గారి పేరు మీదుగా కాకినాడ కాలేజీకి పిఠాపురం రాజా కాలేజీ అన్న పేరు స్థిరపడింది. సూర్యారావు గారు రఘుపతి వేంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వచ్చారు. కాకినాడలో అనాథ శరణాలయం పెట్టారు, ఆడపిల్లల చదువుకూ దళితుల పిల్లల చదువుకూ డబ్బిచ్చారు. ఆస్థానంలో వీణ సంగమేశ్వర శాస్త్రి గారుండేవారు. దేవులపల్లి సోదర కవులుండేవారు. వాళ్ళలో ఒకరి కొడుకే మన కృష్ణశాస్త్రి. తెలుగు చదువుకున్న నాలాంటివాళ్ళకు ఆ పేరు ఎక్కువగా తెలిసేది సూర్యరాయాంధ్ర నిఘంటువు వల్ల. జయంతి రామయ్య పంతులు గారు నడిపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పని అది. సూర్యారావు గారి ధనంతో సాగి, 1936లో మొదటి సంపుటం వెలువడింది.

ఇప్పుడు ఏం మిగిలిందో చూడండి. కాలేజీ నడుస్తోంది. నిఘంటువు తిరగేస్తున్నాం. పరిషత్తు ఇవాళ కాకినాడలో మ్యూజియంగా ఉంది. మద్రాసు ఆళ్వారుపేటలో మహారాజా సూర్యారావు రోడ్డని ఒక వీధికి ఆ పేరుంది. పదిమందికి ఇచ్చినవి నిలిచాయి. తమకోసం కట్టుకున్నవి నిలవడానికే కష్టపడుతున్నాయి. పుణ్యం నిలుస్తుందని చెప్పే నీతికథ కాదండీ ఇది. కాలేజీ పైకప్పు కారితే అడిగేవాళ్ళు వందలమంది ఉంటారు. తాళం వేసిన దివాణం కారితే అడిగేవాళ్ళు లేరు. అంతే తేడా.

సంస్థానాల ఆదరణ మీద బతికిన ఉప్పాడ జాందానీ నేత కూడా దివాణాలతో పాటు పోవాల్సిందే. పోలేదు. కొనేవాళ్ళు మారారు, మగ్గం ఆగలేదు. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆదరించే చెయ్యి మారినా పని చేసే చెయ్యి ఆగకపోతే పాతది బతుకుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనబడదు.

ఇక తోటలు. ఇల్లు కూలడానికి ముప్ఫై నలభై ఏళ్ళు పడుతుంది. తోటకి ఒక్క వేసవి చాలు. నీళ్ళు తోడేవాళ్ళు మానేస్తే ముందు పూలమడులు, తర్వాత మల్లెపందిరి, ఆ తర్వాత నిమ్మా సపోటా పోతాయి. పొగడ, పనస, మామిడి కొన్నాళ్ళు తట్టుకుంటాయి. తర్వాత వాటికి కలప ధర కడతారు. చివరికి స్థలం ప్లాట్లవుతుంది. సముద్రం ఒడ్డునైతే నూతినీళ్ళు ఉప్పెక్కడం ఇంకో దెబ్బ. గోషా పాటించిన ఇళ్ళలో ఆడవాళ్ళు ఆకాశం చూసింది ఆ తోటలోనే. ఎత్తయిన గోడల మధ్య, నుయ్యి చుట్టూ, పారిజాతం కింద వాళ్ళ సగం జీవితం గడిచింది. దర్బారు హాలు ఫొటోలైనా మిగిలాయి. లోపలి తోట ఎలా ఉండేదో చాలా ఇళ్ళలో ఫొటో కూడా లేదు. బయటి మగవాళ్ళు చూడకూడని చోటుకి కెమెరా ఎలా వెళుతుంది?

1981లో ఫ్లారెన్సులో కట్టడాల రక్షణ నిపుణులు చారిత్రక తోటల కోసం ఒక పత్రం రాసుకున్నారు. తోట ప్రాణమున్న కట్టడమని, దాని రక్షణంటే నిరంతర పోషణేనని దాని సారాంశం. మన దగ్గర రక్షణ అంటే ఇంకా గోడే గుర్తొస్తుంది.

ఆ గోడనైనా సరిగ్గా చూస్తున్నామా అంటే అదీ లేదు. పాత ఇళ్ళు గానుగ సున్నంతో కట్టినవి. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో విరిచి, ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. ఆ గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. సముద్రగాలి ఉన్న చోట అది చాలా అవసరం. ఇప్పుడు బీట కనబడగానే సిమెంటు పూస్తారు, పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు లోపలే పేరుకుని ఇటుకని పొడి చేస్తుంది. నాలుగేళ్ళకి పెచ్చులూడితే పాత ఇల్లు కదా, ఇంతేనంటారు.

పెద్ద ఇళ్ళ గురించే చెబుతున్నాను గానీ, చరిత్ర పెద్ద ఇంట్లోనే జరగాలని లేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు దివాణం కాదు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం ఆ ఇంట్లో జరిగింది. ఖర్చుకి కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు అండగా నిలిచారు. ఊరు వెలివేసింది, వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వండి పెట్టారు. ఆ ఇల్లు పదిలంగా ఉంది. ఆనంద గార్డెన్స్‌లో ఆ దంపతుల సమాధులున్నాయి. అక్కడికి పిల్లల్ని తీసుకెళితే వంటగది ఎటువైపో కూడా అడగమనండి. ఆ పెళ్ళి ఆగకుండా జరిగింది వంటగది వల్ల.

ఇంగ్లండులోనూ ఇదే గొడవ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పనివాళ్ళు దొరక్క, చనిపోయినవారి ఆస్తి మీద పన్ను కట్టలేక వందల పెద్ద ఇళ్ళు పడగొట్టారు. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు 1937లో ఒక పద్ధతి తెచ్చింది. ఇంటినీ తోటనీ ట్రస్టుకి రాసివ్వాలి, నిర్వహణకి మూలధనమూ ఇవ్వాలి. కుటుంబం అందులోనే ఉండవచ్చు, జనానికి చూసే వీలివ్వాలి. మనం నేర్చుకోవాల్సింది ఆ మూలధనం సంగతి. డబ్బు లేకుండా ఇల్లు ఒక్కటే అప్పగిస్తే అది కానుక కాదు, బరువు.

మన దగ్గరా దారులు లేకపోలేదు. విజయనగరంలో పి.వి.జి. రాజు గారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టారు, కోటలో చదువులు నడుస్తున్నాయి. హైదరాబాదు కోఠీలో 1803లో కట్టడం మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీ 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ అయింది. తరాల ఆడపిల్లలు ఆ మెట్ల మీద కూర్చుని చదువుకున్నారు. వాడకం వల్ల అరిగింది, వాడకం వల్లే నిలిచింది, తర్వాత ప్రపంచ స్మారక నిధి తోడ్పాటుతో బాగుచేశారు. ఫలక్‌నుమా 2010లో హోటలైంది. నిలిచిందనుకోండి, మనలాంటివాళ్ళం గేటు దగ్గరే ఆగిపోతాం. ఇర్రం మంజిల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడతామని ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్ళు లేకపోతే ఆ ఇల్లు ఇవాళ ఉండేది కాదు.

కోర్టులు, ట్రస్టులు మన చేతిలో లేవు. కొన్ని పనులు ఉన్నాయి. మీ పుట్టింట్లోనో అత్తవారింట్లోనో మండువా ఇల్లుంటే, అమ్మకం మాట రాకముందే గది గదికీ ఫొటో తీయండి. ఏ గది దేనికి వాడేవారో ఇంట్లో పెద్దావిడని అడిగి రాసుకోండి. పెరట్లో ఏ చెట్టు ఎక్కడుండేదో కాగితం మీద గీయించండి. పనివాళ్ళ పేర్లు కూడా రాయించండి, దస్తావేజుల్లో అవి ఉండవు. మరమ్మతు చేయిస్తే సిమెంటుకు ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం వెతకండి. తోట మళ్ళీ వెయ్యాలనుకుంటే కడియం మనకి దగ్గర్లోనే ఉంది. పాత జాతి మొక్కలు, వాటిని పెంచడం తెలిసిన మనుషులు అక్కడ దొరుకుతారు.

ఊళ్ళో పాడుబడిన దివాణం ఉంటే దానికో పని చూపించమని పంచాయతీనో మున్సిపాలిటీనో అడగండి. లైబ్రరీ, కుట్టు కేంద్రం, చేనేత అమ్మకశాల, ఏదైనా సరే. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు తాళం తీసి ఊడ్చే ఏర్పాటు ఉండాలి. ఉద్యోగం పేరు, నెల జీతం ఉండాలి. ఆ ఒక్క జీతం బడ్జెట్లో లేకుండా లక్షలు పెట్టి రంగులు వేయించినా రెండు వర్షాకాలాలు దాటవు.

ఉప్పాడ ఒడ్డున పోయినదాన్ని తెచ్చుకోలేం. పిఠాపురం చుట్టుపక్కల ఊళ్ళలో పోకుండా ఉన్నవి ఇంకా ఉన్నాయి. ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చుట్టూ చూసి, ఎక్కడ ఏ ఇల్లు, ఏ తోట మిగిలిందో నాకు రాయండి. ఒక జాబితా రాసుకుందాం.