పెరటి వాటాలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా నాయనమ్మది వాటాల ఇల్లు. వీధివైపు పాత పెంకుటిల్లు, పెరట్లో మూడు డాబా వాటాలు. అరుగూ గాలీ వెలుతురూ ముందింటికే ఉన్నా, అద్దె పెరటి వాటాలకే ఎక్కువ వచ్చేది. కారణం అప్పటి అద్దె చట్టంలో ఉంది.

అద్దె నియంత్రణకు మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టం, హైదరాబాదు రాష్ట్రంలో 1954 చట్టం ఉండేవి. వాటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చడానికి రెంట్ కంట్రోలర్ చూడవలసింది 1944 ఏప్రిల్ 5కు ముందు ఏడాదిలో ఆ పేటలో నడిచిన అద్దెలను! సున్నం ధర, మేస్త్రీ కూలి, ఇంటిపన్ను మాత్రం ఆగలేదు. అయితే 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లను చట్టం వదిలేసింది. ఇళ్ల కొరత తీరాలంటే కట్టేవాళ్లకు ధైర్యం కావాలి కదా.

ఆ వెసులుబాటు చూసుకునే నాయనమ్మ అప్పు చేసి పెరట్లో వాటాలు వేయించింది. ఆవిడ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ముందింటి అద్దె పన్నుకూ పెంకు నేయించడానికీ సరి. అప్పు తీర్చినవి పెరటి వాటాలే. వాటిని రైల్వే వాళ్లకే ఇచ్చేది. ఒకటో తారీఖున జీతం, బదిలీ వస్తే ఖాళీ, వచ్చేవాళ్లకు కొత్త అద్దె. బదిలీ కబురు తెలియగానే మరో కుటుంబంతో మాట్లాడి ఉంచేది. వెళ్లేవాళ్ల సామాను బండెక్కిన రోజే సున్నం వేసేవాళ్లు దిగేవారు. సబ్ మీటర్లు పెట్టించాక కరెంటు బిల్లు ఆవిడ నెత్తిన పడటం మానేసింది. ఇది ఇల్లు నిలబెట్టుకునే నేర్పు, పేరాశ కాదు. ముందింట్లో అద్దెకున్న మేష్టారి కుటుంబానికి ఆ చట్టమే నీడ అన్నదీ అంతే నిజం.

1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మొదట్లో సబబైనదే అయినా, అన్నేళ్ల తర్వాత అది వివక్షేనంది. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం కొత్త ఇళ్లకు కట్టిన నాటి నుంచి పదేళ్లు, నెలకు వెయ్యి దాటిన అద్దెలకు పూర్తిగా మినహాయింపు ఇచ్చింది. మా వాటాలకు పదేళ్లు ఎప్పుడో నిండాయి, అద్దె వెయ్యికి చాలా దూరం. పెరడు కూడా నియంత్రణ కిందికి వచ్చింది. కొత్త ఇళ్లకిచ్చిన ఆ పదేళ్ల వెసులుబాటు చూసి, చేతిలో డబ్బున్న ఇరుగుపొరుగు పెంకుటిళ్లు పడగొట్టి మేడలు లేపారు. నాయనమ్మ మాత్రం మేష్టారిని కదపలేదు.